నక్క నీళ్లు తాగిందా

ఫోన్ మోగినప్పుడు నేను సముద్రపు తాబేలు నెత్తురు చూస్తున్నాను. వలలో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలు అది. తాబేలు ఎర్రకణం మధ్యలో పుచ్చగింజలా కేంద్రకం ఉంటుంది. మన ఎర్రకణాల్లో అది ఉండదు. ఎన్నిసార్లు చూసినా ఆ గింజలు నాకు ముచ్చటగానే ఉంటాయి. కన్ను మైక్రోస్కోపు మీదే ఉంచి ఫోన్ చెవికి ఆనించుకున్నాను.

"మేడమ్ గారూ, స్టీల్ టౌన్‌షిప్ వెనక వాగులో, అదే ఇక్కడివాళ్ల గెడ్డలో, నక్క దొరికిందండి," అన్నారు అటవీశాఖ రేంజి ఆఫీసరు. ఆయనది గోదావరి జిల్లా. ఎంత కంగారులో ఉన్నా 'అండి' వదలరు. "తూలిపోతోందండి. గోడలకి గుద్దుకుంటోంది. నోట్లో నురగ. జనం కర్రలూ రాళ్లూ పట్టుకుని వచ్చేశారు. ఎలాగో వలేసి పట్టి బోనులో పెట్టామండి. పిచ్చో కాదో తేల్చమంటున్నారు."

"బతికున్న జంతువులో పిచ్చి ఉందో లేదో నేను తేల్చలేనండీ."

"నెత్తురైనా చూడండి. ఏదో ఒకటి తెలుస్తుంది కదండీ."

నిజమే, ఏదో ఒకటి తెలుస్తుంది. నేను పశువుల డాక్టర్నే గానీ మందుల పెట్టె పట్టుకుని ఊళ్లు తిరిగే డాక్టర్ని కాను. ల్యాబులో కూర్చుని నెత్తురు చూస్తాను. గేదెలు, మేకలు, కుక్కల నెత్తురు రోజూ వస్తుంది, అది ఉద్యోగం. అడవి జంతువులది మాత్రం నేను అడిగి తెప్పించుకుంటాను. నక్క, దుప్పి, పునుగుపిల్లి, ఉడుము, గద్ద, ఏది దొరికినా వదిలేసేలోపు ఒక్క చుక్క నాకు పంపమంటాను. జబ్బుపడ్డ నక్క నెత్తురు ఎలా ఉందో చెప్పాలంటే ముందు ఆరోగ్యంగా ఉన్న నక్క నెత్తురు ఎలా ఉంటుందో తెలియాలి కదా. ఆ కణాల లోపలా, కణాల మధ్యా కాపురముండే సూక్ష్మజీవులు కూడా ఉంటాయి. కొన్ని పిడుదుల వల్ల వస్తాయి, కొన్ని ఈగల వల్ల. అడవి జంతువు వాటిని మోసుకుంటూనే ఏళ్ల తరబడి బాగా తిరుగుతుంది. ఎప్పుడో ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు అవి విజృంభిస్తాయి.

తాబేలు స్లైడు పక్కన పెట్టి బయటికొచ్చాను. మా ఆఫీసు జీపు డ్రైవరు అప్పటికే ఇంజను ఆన్ చేశాడు.

అతను నాతో కొన్నేళ్లుగా తిరుగుతున్నాడు. విజయనగరం అవతల పల్లెటూరు. ఉన్న కాస్త భూమిలో సేద్యం గిట్టక పట్నం వచ్చేసి, వన్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్ల వెనక సందులో భార్యతో, చిన్న కూతురితో అద్దెకుంటున్నాడు. నన్ను మేడమ్ అంటాడు, నేను తమ్ముడూ అంటాను. జంతువుల్ని ముట్టుకోవడం అతని పని కాదు. నేను సూదులూ గొట్టాలూ సర్దుకునేసరికి అతను జీపు తలుపుకు ఆనుకుని ఫోన్లో కామెడీ సీన్లు చూసుకుంటూ నవ్వుకుంటూ ఉంటాడు.

"ఏటి మేడమ్, పాము పనా?"

"కాదు. నక్క. పిచ్చిదేమోనని భయపడుతున్నారు."

అతను గేరు వేశాడు. బీచ్ రోడ్డంతా ఒక్క మాట మాట్లాడలేదు. మామూలుగా అతని నోరు మూతపడదు. ట్రాఫిక్కు అనుకున్నాను.

రుషికొండ దాటాక, కొండ మొదట్లో అటవీశాఖవాళ్ల రేకుల షెడ్డు ఉంది. దొరికిన జంతువుల్ని వదిలిపెట్టేదాకా ఉంచే చోటు. బోనులో నక్క ఒక మూల తల ఆనించి నిలబడి ఉంది. నిలబడడం అంటే నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి పడిపోకుండా ఆపుకోవడం. ఎడమ కన్ను పాలు పోసినట్టు తెల్లబడింది. డొక్కలు లోపలికి పోయాయి. మూతి చుట్టూ తడి.

మత్తు సూది ఇచ్చి, పడుకున్నాక బయటికి తీశాం. పెదవి ఎత్తి చిగుళ్లు చూశాను. గులాబీ రంగులో ఉండాల్సినవి సున్నం కొట్టినట్టున్నాయి. ఒంట్లో నెత్తురు లేదు. అప్పుడే నాలో ఒక అనుమానం మొదలైంది. పిచ్చి వచ్చిన జంతువుకు ఇంత త్వరగా ఇంత నెత్తురు తగ్గాల్సిన పని లేదు. దీనికి వేరే ఏదో ఉంది.

నక్క మూతికి గుడ్డ కట్టాం. అటవీశాఖ మనుషులు ఇద్దరు నడుము, వెనక కాళ్లు పట్టుకున్నారు. నేను ముందు కాలి మీద వెంట్రుకలు కత్తిరించి సూది ఎక్కించాను. నెత్తురు పలచగా, నీళ్లు కలిసిన దానిమ్మ రసంలా వచ్చింది. గొట్టం సగం నిండింది.

నీరసించిన జంతువుకు మత్తు తక్కువే ఇవ్వాలి. ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. తక్కువైతే ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. ఆ రెండింటి మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. నక్క వెనక కాలు అదిరింది. నురగకు తడిసిన గుడ్డ మూతి మీంచి జారింది. నేను సూది బయటికి లాగేలోపు ఆ తల నా ముంజేయి వైపు తిరిగింది. పళ్లు కనిపించాయి. నా చెయ్యి కదల్లేదు.

మధ్యలో ఇంకో చెయ్యి వచ్చింది.

దూది పెట్టె అందించడానికి నా పక్కకు వచ్చిన డ్రైవరు ఎప్పుడు వంగాడో, ఎప్పుడు చెయ్యి పెట్టాడో నేను చూడలేదు. నక్క అతని బొటనవేలు మొదట్లో కరుచుకుంది. అతను అరవలేదు. "ఒగ్గు, ఒగ్గు," అన్నాడు మెల్లగా, తెలిసిన కుక్కను వదలమన్నట్టు. అటవీశాఖ మనిషి దవడలు విడదీశాడు. నక్కను బోనులోకి తోసి తలుపు వేశారు.

అతన్ని కుళాయి దగ్గరికి లాక్కెళ్లి సబ్బుతో కడగడం మొదలుపెట్టాను. నెత్తురు ఆగినా కడుగుతూనే ఉన్నాను. చర్మం ముడతలు పడినా ఆపలేదు.

"సాల్లెండి మేడమ్. తోలు ఊడొస్తన్నాది," అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"ఎందుకు పెట్టావు చెయ్యి?"

"మరేటి సేత్తాను? మీ సెయ్యి అక్కడున్నాది కదా."

నేను ముందుగానే పిచ్చికుక్క కాటుకు వేసే రేబిస్ టీకాలు వేయించుకున్నదాన్ని. నన్ను కరిచినా రెండు సూదులతో పోయేది. అతను డ్రైవరు. అతనికి ఏ టీకా లేదు. ఆ మాట అప్పుడతనితో అనలేకపోయాను.

పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అటవీశాఖ జీపు, వేరే డ్రైవరు. గాయం చుట్టూ మందు ఎక్కించారు, భుజానికి టీకా వేశారు. మళ్లీ మూడో రోజున రావాలన్నారు, ఆ తర్వాత వరసగా ఇంకొన్ని. బయటికొచ్చాక అతను నా వైపు చూడకుండా అన్నాడు.

"ఇంటికాడ సెప్పకండి మేడమ్."

"చెయ్యి చూస్తే తెలియదా?"

"జీపు తలుపులో పడిందని సెప్తాను. ఆడమడిసి, బయ్యపడిపోతాది."

సరేనన్నాను.

సాయంత్రం ల్యాబులో ఆ నెత్తురు ఒక చుక్క గాజు పలక మీద వేసి, పైన పలచటి అద్దం మూసి చూశాను. ఎర్రకణాలు ఉండాల్సినంత లేవు. వాటి మధ్య చాలా ఖాళీ. ఆ ఖాళీలో ఒకచోట కణాలు ఉన్నట్టుండి చెదిరాయి. సంతలో జనాన్ని తోసుకుంటూ ఎవరో దూసుకుపోతున్నట్టు ఒక వరస కదిలింది. ఆగింది. ఇంకోచోట మళ్లీ కదిలింది. ఫోకస్ సరిచేశాను. సన్నటి, మెలికలు తిరిగే జీవి, ఒక అంచున పారదర్శకమైన పొర అలలా కొట్టుకుంటోంది. ఒకటి కాదు. చూసిన ప్రతిచోటా ఉన్నాయి.

సర్ర. పాడి రైతులకు ఆ పేరు తెలుసు. గేదెలకు, గుర్రాలకు వస్తుంది. జోరీగలు కుట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి అంటిస్తాయి. చచ్చిన గేదెను తిన్నా నక్కకు రావొచ్చు. నెత్తురు తగ్గిపోతుంది, కన్ను తెల్లబడుతుంది, చివరికి మెదడులోకి ఎక్కితే జంతువు తూలుతుంది, గోడలకు గుద్దుకుంటుంది. ఆ నక్క చేసినవన్నీ అవే. మనుషులకు అంటుకోవడం ఎంతో అరుదు.

రేంజి ఆఫీసరుకు ఫోన్ చేసి చెప్పాను.

"అయితే పిచ్చి కాదన్నమాట! హమ్మయ్య! అదే చెప్పేస్తానండి అందరికీ."

"అలా చెప్పకండి. సర్ర ఉందని మాత్రమే నాకు తెలుసు. సర్ర ఉన్న జంతువుకు పిచ్చి ఉండకూడదని లేదు. రెండూ కలిసి ఉండొచ్చు."

ఫోన్ పెట్టి తిరిగేసరికి డ్రైవరు గుమ్మంలో ఉన్నాడు. బొటనవేలికి కట్టు. ఇంటికి పొమ్మని చెప్పినా పోలేదు.

"నానూ సూడొచ్చా మేడమ్?"

కుర్చీ జరిపాను. అతను ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు. "ఓలమ్మో! ఈదుతన్నాది మేడమ్! అదిగో!" అన్నాడు. తల ఎత్తేసరికి ముఖం వెలిగిపోయింది. పొద్దుటి నుంచి చూడని ముఖం అది. "అయితే ఇదే కదా దాన్ని తూలించినాది? పిచ్చి కాదు గదా?"

"ఇది తూలిస్తుంది. కానీ అది కూడా ఉందేమో ఈ నెత్తురు చెప్పదు. నీ సూదుల్లో ఒక్కటి కూడా మానకూడదు. వింటున్నావా?"

"ఇంటన్నాను మేడమ్."

విన్నాడు గానీ అతని చెవిలో పడింది మొదటి మాట మాత్రమే.

మర్నాడు నక్కకు సర్ర మందు ఇచ్చాను. అదీ భయంగానే. గేదెకిచ్చే మందే, కానీ కుక్క జాతికి కాస్త ఎక్కువైనా మెదడుకు దెబ్బ. తూకం వేసి, లెక్క సరిచూసుకుని, మళ్లీ సరిచూసుకుని ఇచ్చాను. డ్రైవరు ఊళ్లో పనుందని సెలవు పెట్టాడు. చెయ్యి నొప్పి కదా, విశ్రాంతి మంచిదే అనుకున్నాను.

మూడో రోజు సాయంత్రం ఫోన్ చేశాను.

"ఏయించుకున్నాను మేడమ్."

"ఏ చేతికి వేశారు?"

"ఏ సేతికంటే..." అని నసిగాడు. "ఎడం సేతికి," అన్నాడు. తర్వాత ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకసారి లక్షణాలు మొదలయ్యాక ఆ జబ్బుకు వైద్యం లేదు. అది చదువుకున్న నాకు తెలుసు. ఆ మనిషి చెయ్యి నా చెయ్యి ఉండాల్సిన చోట ఉంది. అదీ తెలుసు. తెల్లారాక ఆటో ఎక్కి వన్ టౌన్ వెళ్లాను.

సందు చివర పై వాటా. అతని భార్య కిటికీ పక్కన మిషను మీద చీరలకు ఫాల్ కుడుతోంది. నన్ను ఒకసారి ఆఫీసులో చూసింది. కంగారుగా లేచి కుర్చీ లాగింది.

"రండి మేడమ్. ఆయన డూటీకని ఎల్లినాడు కదా?"

"డ్యూటీకా?"

"రోజూ ఎల్తన్నాడు గదండి. సెయ్యి తలుపులో పడినా మానమంటే మాననేదు."

నాకు కూర్చోబుద్ధి కాలేదు. అతనికి ఇచ్చిన మాట ఉంది. కానీ ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆ ఇంట్లో నాకు ధైర్యం చాల్లేదు. చెప్పేశాను. జీపు తలుపు కాదు, నక్క అని. రెండో సూది వేయించుకోలేదేమోనని నా అనుమానమని.

ఆమె ఏడుస్తుందని, అరుస్తుందని సిద్ధపడ్డాను. ఆమె అరచేతిని మిషను చక్రం మీద పెట్టి, దాన్ని గట్టిగా పట్టుకుంది.

"మా తమ్ముడు అలగే పోనాడు మేడమ్," అంది. "కుక్క కరిసినాది. ఊర్లో ఆకు పసరు పోసినారు. బాగున్నాడు, తిరిగినాడు. శానా నాళ్లకి, గ్లాసుతో నీళ్లిస్తే ఇసిరి కొట్టినాడు. నీళ్లు సూసి ఏడ్సినాడు. మంచానికి కట్టేసినారు. ఆడి సేతులు పట్టుకుని కూకున్నది ఎవులనుకున్నారు? ఈయనే. అప్పటికి మాకు పెళ్లయి మూన్నెల్లు కూడా అవనేదు."

బీచ్ రోడ్డు మీద అతని మౌనం నాకప్పుడు అర్థమైంది. ఇది తెలియనితనం కాదు. నాకంటే బాగా తెలిసినవాడు. పుస్తకంలో చదవలేదు, చేతులతో పట్టుకున్నాడు.

"మరి ఎక్కడికెళ్తున్నాడు రోజూ?" అని ఆమె నన్నడిగింది, నేను ఆమెను అడగబోయిన మాటే.

జవాబు నా ఫోన్లో వచ్చింది. ఏమీ తెలియని రేంజి ఆఫీసరు సంతోషంగా చెబుతున్నారు. "మేడమ్ గారూ, నక్క నీళ్లు తాగిందండి! మీ డ్రైవరే గిన్నె పెట్టాడు. పాపం రోజూ వచ్చి దాని ముందు కూర్చుంటున్నాడండి. సెలవులో ఉండి కూడా."

ఆమె కూతుర్ని పక్కింట్లో అప్పజెప్పి, తలుపు తాళం వేసి, చెప్పులు తొడుక్కుంది. ఆటోలో పోర్టు లారీల మధ్య ఇరుక్కుని కదలకుండా ఉన్నంతసేపూ చున్నీ కొసను వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. బీచ్ రోడ్డు ఎక్కాక ఒక్కసారి అడిగింది.

"ఇప్పుడు ఏయించినా పని సేత్తాదా మేడమ్?"

"చేస్తుంది. ఆలస్యమైనా చేస్తుంది. ఇవాళ తప్పకూడదు."

"నక్క?"

"దాని సంగతి తెలియదు."

షెడ్డులో అతను బోనుకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పక్కన సత్తు గిన్నె. నక్క నిజంగానే మెరుగ్గా ఉంది. తల గోడకు ఆనించకుండా, ముందు కాళ్ల మీద పెట్టుకుని పడుకుంది. నన్ను చూసి అతను లేచాడు. "మేడమ్, నీళ్లు తాగినాది! గిన్నెడు తాగినాది!" అన్నాడు. నా వెనక వస్తున్న మనిషిని చూసి ఆగిపోయాడు.

ముందు నేనే అన్నాను.

"తమ్ముడూ, నీళ్లు తాగడం గుర్తు కాదు. పిచ్చి ఉన్న జంతువులు కూడా చాలాసార్లు తాగుతాయి. నీళ్లంటే భయపడేది మనుషులే."

ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం చూడ్డం కష్టమైంది. అన్ని రోజులూ అతను పట్టుకుని వేలాడుతున్న తాడును నేనే కోసేశాను. కానీ కోయక తప్పదు.

"అక్కడ ఆసుపత్రిలో వరసలో కూకోవాలంటే మా బామ్మర్దే కనిపిస్తన్నాడు మేడమ్," అన్నాడు గొంతు తగ్గించి. "గేటు దాకా ఎల్లినాను. రెండు పాలి ఎల్లినాను. కాళ్లు కదల్నేదు. ఈ నక్క బతికితే నానూ బతుకుతాను కదా అనుకున్నాను."

భార్య అతని దగ్గరికి వెళ్లింది. కట్టు ఉన్న చెయ్యి ఎత్తి చూసింది.

"మా తమ్ముడికి సూది ఏయించినోళ్లు నేరు," అంది. "ఏయిస్తే బతికేవోడు. నీకు ఏయించడానికి ఇందరున్నారు. నక్క బతికితే బతుకుతాది, సత్తే సత్తాది. నువ్వు లెగు మావా."

నడిచాడు. ఆటోలో ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. ఆసుపత్రి వరసలో ఆమె అతని పక్కనే కూర్చుని అతని చొక్కా చెయ్యి తనే మడిచింది. సూది దిగేటప్పుడు అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆమె మూయలేదు. డాక్టరు కోప్పడలేదు. ఇక మీదట ఏదీ దాటించకండి అన్నాడంతే.

తర్వాతి వారం కాస్త ఊపిరాడింది. డ్రైవరు డ్యూటీలో చేరాడు. రోజూ పొద్దున్నే ఇద్దరం షెడ్డుకు వెళ్లేవాళ్లం. నక్క కోడి ముక్కలు తినసాగింది. మళ్లీ నెత్తురు తీశాను, ఈసారి మూతికి రెండు కట్లు వేయించి. ఎంత వెతికినా ఈదే జీవి ఒక్కటీ కనిపించలేదు. రంగు వేసిన స్లైడులో పెద్దవిగా, కాస్త నీలం కలిసిన ఎర్రకణాలు కనిపించాయి. అవి పచ్చి కణాలు. ఎముకల్లోని మూలుగ మళ్లీ పని మొదలుపెట్టిందన్నమాట. డ్రైవర్ని పిలిచి చూపించాను. "కొత్త నెత్తురా మేడమ్?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండు రోజులకు షెడ్డులోకి అడుగు పెడుతూనే అతను నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అంతకుముందెన్నడూ అతను నన్ను తాకలేదు.

నక్క పక్కకు పడి ఉంది. నాలుగు కాళ్లూ గాల్లో ఈత కొడుతున్నట్టు ఆడుతున్నాయి. మెడ వెనక్కి విరుచుకుపోయింది. ఫిట్స్ తగ్గే మందు ఇచ్చాను. తగ్గింది, మళ్లీ వచ్చింది. మళ్లీ ఇచ్చాను. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. అంతసేపూ అతను గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. బయటికి పొమ్మంటే పోలేదు.

"ఇదేటి మేడమ్? ఆ పురుగా? అదా?"

"తెలియదు."

నిజంగా తెలియదు. సర్ర జీవి మెదడులోకి చేరితే అక్కడికి మా మందు పోదు. నెత్తురు శుభ్రమైనా అది లోపల దాక్కుని ఇలాగే చంపొచ్చు. పిచ్చి అయినా ఇలాగే చంపొచ్చు. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. ఇప్పుడు మాత్రం తేల్చడానికి దారి ఉంది. మెదడు చూడొచ్చు.

రెండు జతల గ్లవ్స్, కళ్లద్దాలు, ముఖానికి అడ్డు పెట్టుకుని నేనే తల తెరిచాను. నా జీవితంలో చాలా తలలు తెరిచాను. ఆ రోజు మధ్యలో కత్తి కింద పెట్టి ఆగాల్సి వచ్చింది. ముక్కలు ఐసు పెట్టెలో సర్ది, ఆ పరీక్ష చేసే వేరే ఊరి ల్యాబుకు అటవీశాఖ మనిషి చేత పంపించాం. ఒక చిన్న ముక్క నా దగ్గర ఉంచుకుని స్లైడు చేసుకున్నాను. రక్తనాళాల చుట్టూ తెల్లకణాలు గుంపులుగా చేరి ఉన్నాయి. మెదడులో ఏదో యుద్ధం జరిగిందని అవి చెబుతున్నాయి. శత్రువెవరో చెప్పడం లేదు. పిచ్చి వ్యాధికి గుర్తుగా నాడీకణాల్లో కనిపించే ఎర్రటి చుక్కల కోసం వెతికాను. కనిపించలేదు. కనిపించనంత మాత్రాన లేనట్టు కాదని విద్యార్థులకు నేనే చెబుతాను.

ఫలితం వచ్చేదాకా గడిపిన రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. అతను మామూలుగానే జీపు నడిపేవాడు. కానీ ప్రతి పొద్దుటా జీపెక్కే ముందు, బయట వేపచెట్టు కింద నిలబడి, నీళ్ల సీసా ఎత్తి గటగటా సగం తాగేవాడు. తాగి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఒక్క క్షణం ఆగేవాడు. నేను కిటికీలోంచి చూసేదాన్ని. ఏమీ తెలియనట్టు సంచీ తీసుకుని బయటికొచ్చేదాన్ని. ఆమె రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేది. బాగున్నారా అని కూడా అడగదు. "వచ్చిందా మేడమ్?" "రాలేదమ్మా." అంతే. పెట్టేసేది. ఆ మధ్యలో పడిన సూదులన్నిటికీ ఆమే తీసుకెళ్లింది.

ఫోన్ ఒక పగటివేళ వచ్చింది. అవతలి డాక్టరు నాకు పాత పరిచయం. నా గొంతు వినగానే ముందు సంగతి చెప్పేసి, తర్వాత పలకరించాడు. నక్క మెదడులో పిచ్చి వ్యాధి లేదు. రెండు రకాలుగా చూశారట. సర్రే చంపింది.

బయటికి వెళ్లాను. అతను జీపు అద్దం తుడుస్తున్నాడు.

"తమ్ముడూ, లేదు. పిచ్చి లేదు."

"అలగా," అన్నాడు. తుడుస్తూనే ఉన్నాడు. అద్దం ఒక్కచోటే గుండ్రంగా తుడుస్తున్నాడు. కాసేపటికి గుడ్డ కింద పడింది. అతను టైరు పక్కన నేల మీద కూర్చుని, రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను, ఆఫీసు కిటికీల్లోంచి చూస్తారన్న ఆలోచన కూడా రాలేదు.

భార్యకు ఫోన్ కలిపాడు. నా చేతికిచ్చాడు. చెప్పాను. అవతల ఏడుపు మొదలైంది. తలుపు తాళం వేసిన రోజు నుంచీ ఆపుకున్నది మొత్తం. ఏడుస్తూనే అడిగింది.

"ఆకరి సూది ఒకటున్నాది కదా మేడమ్?"

"ఇంక అవసరం ఉండకపోవచ్చమ్మా. డాక్టర్ని అడుగుదాం."

"అడిగేదేటి నేదు. ఏయించేత్తాను."

వేయించింది కూడా.

ఆ తర్వాత మా ఆఫీసులో డ్రైవర్లకూ, ల్యాబు ఊడ్చేవాళ్లకూ అందరికీ ముందస్తు టీకాలు వేయించమని నేను పట్టుబట్టాను. ఒప్పుకున్నారు. సర్ర కథ మాత్రం అక్కడితో అయిపోలేదు. నక్క దొరికిన గెడ్డకు ఎగువన గేదెల పాకలున్నాయి. నక్కకు వచ్చిందంటే గేదెల్లో ఎక్కడో ఉండి తీరాలి. డ్రైవరూ నేనూ వెళ్లాం. పాక యజమానురాలు మొదట గేదెల్ని ముట్టుకోనివ్వలేదు.

"మా గేదెలకేటి రోగం? పాలిత్తన్నాయి కదా!"

"అమ్మా, అలగే అనుకుంటాం," అన్నాడు డ్రైవరు జీపు దగ్గర్నుంచే. "ఒక్క సుక్క తీయనీండి. మేడమ్‌ది పెద్ద సూది కాదు."

ఆవిడ గొణుక్కుంటూనే తాడు విప్పింది. ఆ పాకలో రెండు గేదెల నెత్తురులో సర్ర ఉంది. పైకి ఏ లక్షణమూ లేదు. మందిచ్చాం, జోరీగలు చేరకుండా పేడకుప్పలు దూరంగా జరిపించాం, పొగ వేయమన్నాం. చచ్చిన దూడల్ని గెడ్డలో పారేయకుండా పూడ్చమని చెప్పాం. ఎంతమంది విన్నారో తెలియదు. ఆ వానాకాలం వెళ్లేదాకా నెలకోసారి వెళ్లి నెత్తురు చూసి వచ్చేవాళ్లం. నేను గేదె చెవి దగ్గర వంగి ఉన్నప్పుడు అతను పాక బయటే ఉండి, యజమానురాలిచ్చిన మజ్జిగ తాగుతూ, ఆవిడతో ధరల గురించి వాదించేవాడు.